గున్నమ్మకు కట్టిన ఎర్రగుడ్డ

గాజువాక,
18 జనవరి 2026, ఆదివారం.

పెందుర్తిలో ఉంటున్న దేవీప్రసాద్ బావకు గాజువాక నుంచి జగ్గారావు నమస్కారం చేసి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేనూ, రక్తసంబంధం లేకపోయినా నీకు చెల్లెలైన గౌరీశ్వరీ దేవుడి దయవల్ల తింటున్నాం, తిరుగుతున్నాం, పోట్లాడుకుంటున్నాం. అక్కడ నువ్వూ, రోజారమణి చెల్లెమ్మా కులాసాగా ఉన్నారని తెలుసు. ఎలా తెలుసంటావా? మన ఆడవాళ్లిద్దరూ ఇన్నేళ్లూ ఫోన్లలో మాట్లాడుకుంటూనే ఉన్నారట. నాకు మొన్న దసరాకి తెలిసింది. ఎందుకు దాచావే అని అడిగితే, మీ మగోళ్ల పౌరుసాలు మీరు సూసుకోండి, మాకేటి, మా కూరలూ నారలూ మాకున్నాయి అంది.

చేతిరాత చూడగానే కవరు చింపి అవతల పారేయకు. పెందుర్తి ఇక్కణ్ణించి బస్సులో గంట ప్రయాణం. ఆ గంట దూరానికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటుంది గౌరీశ్వరి. నా సంగతి నీకు తెలుసు కదా, నువ్వు హలో అనేలోపు నేను నాలుగు మాటలు అనేసి ఉంటాను. కాగితం మీదయితే చెయ్యి నోరంత వేగంగా పోదు.

అసలు సంగతి ఏమిటంటే, గున్నమ్మను బయటికి తీస్తున్నాను.

అవును, మన గున్నమ్మే. మనిద్దరి పేరునా ఉన్న డెబ్బై రెండు మోడలు ఫియట్టు. ఎవరో వద్దని మూల పడేసినదాన్ని మనం ఆదివారాలు కూర్చుని బాగుచేసుకుంటే, బోనెట్టు గుండ్రంగా గున్నేనుగు నుదురులా ఉందని గౌరీశ్వరి ఆ పేరు పెట్టింది. భీమిలి వెళ్లినా, సింహాచలం వెళ్లినా ముందు సీట్లో మనిద్దరం, వెనక సీట్లో వాళ్లిద్దరూ జంతికల డబ్బా మధ్యలో పెట్టుకుని. డ్రైవింగు నీది, బోనెట్టు నాది. నన్ను స్టీరింగు ముట్టుకోనిచ్చేవాడివి కాదు, నిన్ను నేను స్పానరు ముట్టుకోనిచ్చేవాణ్ని కాదు.

సబ్బవరంలో మా నాన్న జీడిపిక్కలు ఆరబోసుకునే రేకుల షెడ్డు గుర్తుందిగా. గున్నమ్మ ఇన్నేళ్లూ అందులోనే ఉంది. ఇప్పుడు దాని చుట్టూ పొలాల్లేవు, అన్నీ రాళ్లు పాతిన ప్లాట్లు. మా అన్నదమ్ముల వాటాలన్నీ లేఅవుటుకి ఇచ్చేశాం. షెడ్డున్న చోట నలభై అడుగుల రోడ్డు పడుతుందట. లేఅవుటు పనులు చూసే కామరాజు అనే అతను నవంబరులో వచ్చి, ఫిబ్రవరి పదికల్లా షెడ్డు కాళీ సెయ్యాల, పదకొండున జేసీబీ వచ్చీసినట్టే అని చెప్పాడు. లోపల కారుందయ్యా అంటే, అది తుక్కు గదేటి మాస్టారూ, తుక్కోడ్ని నానే పంపుతాను అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తుక్కు నీ మొహం, అది మా గున్నమ్మ అన్నాను. ఆ పేరు విని లోపల గేదె ఉందనుకుని తొంగిచూశాడు వెర్రి వెధవ.

ఆ వారం నుంచి రోజూ పొద్దున్నే గాజువాకలో బస్సెక్కి సబ్బవరం పోవడం, మధ్యాహ్నం దాకా పని చేయడం, మళ్లీ బస్సులో రావడం. గౌరీశ్వరి కూడా వస్తోంది. నా మోకాళ్లు వంగవు, తన కళ్లు ఆనవు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు.

వెనక సీట్లో ఎలుకలు తరతరాలుగా కాపురం చేశాయి. వైర్లన్నీ కొరికేశాయి. టైర్లు గచ్చుకి అతుక్కుపోయాయి. అడుగున తుప్పు. అయినా వెనక తలుపు మీద తడిగుడ్డ పెట్టి రుద్దితే మన మీగడ రంగు అలాగే బయటపడింది బావా. గౌరీశ్వరి ఆ చోట చెయ్యి వేసి నిమిరింది. తర్వాత, రోజా వదిన ఇక్కడ మోచెయ్యి పెట్టుకుని కూకునేది అంది.

ఇంజను బిగుసుకుపోయింది. ప్లగ్గులు ఊడదీసి, నాలుగు బొక్కల్లోనూ ఆయిలూ డీజిలూ కలిపి పోసి వదిలేశాను. రోజూ వెళ్లి బండి ముందు నుంచి తిప్పే హ్యాండిలు మీద చెయ్యేసి కొంచెం నొక్కి చూడడం, కదలకపోతే మరికాస్త పోసి, రేపు చూద్దాంలే తల్లీ అనడం. బలం పెడితే విరిగిపోతుందని నీకు తెలుసు, నాకు తెలుసు. నా జన్మలో అంత ఓపిక పట్టింది లేదు. ఇరవై మూడో రోజున వేలెడంత కదిలింది. గౌరీశ్వరీ కదిలిందే అని నేను వేసిన కేకకి పక్క ప్లాటులో పునాదులు తవ్వుతున్న వాళ్లు ఎవరికో ఏదో అయిందని పరిగెత్తుకొచ్చారు.

ఆటోనగర్లో గోపి అని ఒక మెకానిక్కు ఉన్నాడు. నలభై దాటిన మనిషి. పాత ఫియట్ల సామాను ఎక్కడెక్కడి నుంచో సంపాదిస్తాడు. కార్బొరేటరు సామాను, కొత్త వైర్లు, బ్రేకు రబ్బర్లు అన్నీ అతనే తెచ్చాడు. నేను పని చేస్తుంటే పక్కన నిలబడి, మీలాగ సేత్తే నా షాపు మూసీసుకోవాల మాస్టారూ అంటాడు. అన్నా, వదిలి వెళ్లడు.

ఇక స్టీరింగుకి నువ్వు కట్టిన ఎర్రగుడ్డ. అది కట్టినట్టే ఉంది. చక్రాన్నీ, పక్కనున్న గేరు కడ్డీనీ కలిపి మూడు మెలికలు తిప్పి వేసిన నీ ముడే. రంగు వెలిసి ఇటుక పొడిలా అయింది గాని ముడి వదులు కాలేదు. చుట్టూ దుమ్మంతా తుడిచాను గాని దాన్ని ముట్టుకోలేదు. పోర్టు రోడ్డులో మన క్రేన్ల వర్క్‌షాపులో శ్రీరామ్మూర్తి మేస్త్రిగారు మనకు నేర్పిన సూత్రాలు రెండే కదా. మిషను లోపలికి దూరేవాడు బయట స్విచ్చికి తన ఎర్రగుడ్డ కట్టి దూరాలి, ఎవడు వేసిన ముడి వాడే విప్పాలి. రెండోది, తుడవడానికి లోపలికి పెట్టే గుడ్డ కొస మన మణికట్టుకి కట్టుకోవాలి, లోపల మర్చిపోకుండా. ఈ రెండూ నా తర్వాత వచ్చిన వాళ్లందరికీ నేనే నేర్పాను. సర్వీసులో ఒక్క రోజు తప్పలేదు.

ఆ మొదటి సూత్రం వల్లే నేనివాళ బతికి ఉన్నాను. ఎనభై ఎనిమిదిలో నేను క్రేను గేరుపెట్టెలో నడుం దాకా దూరి ఉంటే, పని తెమలడం లేదని ఎవరో వచ్చి ఎర్రగుడ్డ లాగేయబోయారు. నువ్వు స్విచ్చికి వీపు ఆన్చి నిలబడి, ఈ ముడి జగ్గారావు ఏసిందండీ, ఆడొచ్చి ఇప్పేదాకా నన్ను నరికినా కదల్నండీ అన్నావట. నేను బయటికొచ్చాక జనం చెప్పారు. నువ్వు మాత్రం టీ తాగుదాం రా అన్నావు. ఈ మోకాళ్లు నొప్పులని ఇవాళ సణుక్కోడానికి అవి ఉన్నాయంటే నీ వల్లే. ఇది నేను ఎప్పుడూ మర్చిపోలేదు, నీ మీద పీకలదాకా కోపం ఉన్న రోజుల్లో కూడా.

కోపం అన్నాను కాబట్టి ఆ రోజు సంగతీ రాసేస్తాను. నీకు తెలిసిందే. నా వైపు నుంచి ఎలా ఉందో ఒకసారి విను.

తొంభై ఏడు ఫిబ్రవరి. పాలకొల్లులో మీ నాన్నగారు పోయారని తెల్లారేసరికి కబురొచ్చింది. పెద్దకొడుకువి, తలకొరివి పెట్టాల్సిన వాడివి. ఆరున్నరకి గున్నమ్మలో బయల్దేరాం, నువ్వూ నేనూ. కశింకోట దాటాక ఆగింది. పది నిమిషాలుంటే మళ్లీ స్టార్టయింది. నాలుగు మైళ్లు పోయి మళ్లీ ఆగింది. యలమంచిలిలో మళ్లీ. ప్రతిసారీ బోనెట్టు ఎత్తాను. పంపు బాగుంది, ప్లగ్గులు బాగున్నాయి. అంతుపట్టలేదు. మూడు బస్సులు మనల్ని దాటిపోయాయి. నువ్వు చెయ్యెత్తబోయిన ప్రతిసారీ నేను నీ చెయ్యి పట్టుకుని దించాను. బస్సెందుకు బావా, అయిదే అయిదు నిమిసాలు, నా సేతిలో కారు ఆగిపోతాదేటి అన్నాను. అది నా పొగరే, కాదనను. నక్కపల్లి దగ్గర ఇక కదల్లేదు. లారీ పట్టుకుని పాలకొల్లు చేరేసరికి ఆరు. మీ తమ్ముడు తడిబట్టలతో వాకిట్లో ఎదురొచ్చి, నాలుగింటి దాకా చూశామన్నయ్యా, పొద్దోలిపోతుందని నాచేతే పెట్టించేశారు అన్నాడు.

అప్పుడు నేనొక మాట అన్నాను. ముందురోజు బంకులు మూసి ఉంటే, నువ్వు రోడ్డు పక్కన డబ్బా పెట్రోలు కొని ట్యాంకులో పోశావు. వద్దంటే వినలేదు. నాను సెప్పినానా నేదా బావా, నీ కల్తీ పెట్రోలే కొంప ముంచీసింది అన్నాను. అందరి ముందూ అన్నాను. నువ్వు నా వైపు చూసి, లోపలికి వెళ్లిపోయావు.

పద్నాలుగో రోజున ఒక్కడివే సబ్బవరం వచ్చావు. అప్పటికే గున్నమ్మను లారీకి కట్టి లాగించి షెడ్డులో పెట్టించాను. నాతో ఒక్క మాట మాట్లాడకుండా స్టీరింగుకి ఎర్రగుడ్డ కట్టి వెళ్లిపోయావు. వారంలో ఉద్యోగం మారిపోయావు, ఇల్లూ మారిపోయావు. బావా అని పిలిచేవాడు లేక, నాకు ఆ తర్వాత ఏ స్నేహమూ కుదరలేదు.

సరే, అయిందేదో అయింది. ఆ మాట అనడానికి అది చోటు కాదని ఒప్పుకుంటాను. కాని నిజం నిజమే కదా. ఈ వయసులో కూడా పెద్దమనసు చేసుకోకపోతే ఎలా? అందుకని, దేవీప్రసాద్ బావా, నిన్ను నేను క్షమించేశాను. ఎల్లుండి ట్యాంకు విప్పుతాను. నీ డబ్బా పెట్రోలు జిగురులా గడ్డకట్టి ఉంటుంది. ఒక సీసాలో పట్టి ఉంచుతాను. నువ్వు వచ్చినప్పుడు చూపిస్తాను, ఇద్దరం నవ్వుకుందాం.

గౌరీశ్వరి అన్నానికి పిలుస్తోంది. మిగతాది రేపు.

25 జనవరి, ఆదివారం.

రేపు అన్నవాణ్ని వారం తర్వాత కూర్చున్నాను.

పైన రాసిన కాగితాలు చింపేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. గౌరీశ్వరి చింపనివ్వలేదు. అలగే పంపు, నువ్వెలాటోడివో అన్నయ్యకి తెలవాల గదా అంది. అలాగే పంపుతున్నాను. క్షమించేశాను అని రాసిన చోట నీకు కోపం రావడం న్యాయం. అక్కడ ఆపేయకుండా చివరిదాకా చదువు. ఇదొక్కటే నా కోరిక.

ఈవేళ రథసప్తమి. గున్నమ్మ ఇవాళ పలికింది.

గౌరీశ్వరి షెడ్డు ముందు పిడకలు రాజేసి పాయసం పొంగించింది. చిక్కుడాకుల్లో పెట్టి సూర్యుడికి నైవేద్యం చూపించి, ఆ చేత్తోనే గున్నమ్మ బోనెట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టింది. అరసవిల్లి సామికి ఏడు గుర్రాల రతం, మనకి ఇది అంది. ట్యాంకు ఇంకా బిగించలేదు కాబట్టి, ఆస్పత్రిలో సెలైను ఎక్కించినట్టు ఒక సీసాలో పెట్రోలు పోసి బోనెట్టుకి వేలాడదీసి, పైపు పంపుకి కలిపాను. గోపి హ్యాండిలు అందుకున్నాడు. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారీ అంతే. నాలుగోసారి లోపల ఎవరో దగ్గినట్టయింది. ఆరోసారి అందుకుంది.

నువ్వు వినాల్సింది బావా. సైలెన్సరు తుప్పు పట్టి పోయింది కదా, రేకులన్నీ అదిరిపోయాయి. పావురాలు లేచిపోయాయి. నీలం పొగ షెడ్డంతా కమ్మేసింది. గౌరీశ్వరి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ కన్నీళ్లాగలేదు. గోపి చూస్తున్నాడని, పొగ కళ్లలో పడ్డాది అన్నాను. అతను నమ్మినట్టు నటించాడు, మంచివాడు. పదకొండు నిమిషాలు నడిచింది. నేనే ఆపాను.

ఆ సందడిలో గోపి లోపలికి తొంగిచూసి, ఇంకేటి మాస్టారూ, ఈ పీలిక కోసీసి బండి బయటికి తోసీద్దుమా అని జేబులోంచి బ్లేడు తీశాడు. నేను ఎంత గట్టిగా అరిచానో తెలీదు, పాపం బ్లేడు కింద పడేశాడు. తర్వాత అతన్ని కూర్చోబెట్టి మన సూత్రం చెప్పాను.

ఎర్రగుడ్డకి అర్థమేమిటి బావా? లోపల మనిషున్నాడు, కదపొద్దు అని కదా. నువ్వు నా మీద కోపంతో, ఈ కారు నీకూ దక్కకూడదని కట్టావని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ మాట ఎంతమందితో అన్నానో. ఈ వారం రోజులు ఆ ముడి ఎదురుగా కూర్చుంటే తెలిసింది. నువ్వు తిట్టలేదు, శపించలేదు. మనకు తెలిసిన భాషలో, లోపల నేనున్నాను అని చెప్పి వెళ్లావు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ రోజులోనే ఉండిపోయావు. స్విచ్చి దగ్గర వీపు ఆన్చి నిలబడాల్సినవాణ్ని, నేను నీ దారిన నిన్ను వదిలేశాను.

నేను ఉత్తినే ఊహించి రాయడం లేదు. మంగళవారం గౌరీశ్వరిని కూర్చోబెట్టి నీ సంగతులన్నీ అడిగాను, రోజారమణి చెల్లెమ్మ ఇన్నేళ్లలో చెప్పినవన్నీ. నువ్వు ఆ తర్వాత మళ్లీ స్టీరింగు పట్టలేదట. పెళ్లయినా, చావయినా రెండు రోజుల ముందే వెళ్లి కూర్చుంటావట, నలుగురూ నవ్వినా సరే. ఏటా నాన్నగారి ఆబ్దికానికి పాలకొల్లు వెళ్లి, పీట మీద నువ్వు కూర్చోకుండా తమ్ముణ్ని కూర్చోబెట్టి, వెనకాల చేతులు కట్టుకుని నిలబడతావట. అదేమిటండీ పెద్దవారు మీరుండగా అని ఎవరైనా అంటే, నాన్న దగ్గరికెళ్లే బండిలో ఆ పెట్రోలు నేనే చేతులారా పోసుకున్నానండీ, నాకు ఆ పీట మీద హక్కు లేదండీ అంటావట. ఇవన్నీ నాకు ముందే ఎందుకు చెప్పలేదే అని గౌరీశ్వరి మీద అరిచాను. సెప్తే నువ్వేటంతావో నాకు తెల్దా, కల్తీ పెట్రోలు మరి, అంతావు అంది. నిజమే. అదే అనేవాణ్ని.

బావా, నువ్వు రావాలి. వచ్చి నీ ముడి నువ్వు విప్పాలి. కారు కోసం కాదు. కారు పోతే పోనీ. కామరాజుకి చెప్పేశాను, పదకొండో తారీకుకి ఆ ముడి విప్పకపోతే గున్నమ్మను ముడితోనే ఎత్తుకెళ్లమని, నేను అడ్డం రానని. అతను నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. చూడనీ. బండి దక్కించుకోవడం కోసం నువ్వు వేసిన ముడి మీద బ్లేడు పెట్టే రకం కాదు నేను. పెట్టనివ్వను కూడా.

నువ్వు వస్తావని గౌరీశ్వరి అంటోంది. పులస ఎలాగూ ఈ కాలంలో దొరకదు, ఒంజరం సేప తెచ్చి అన్నయ్యకి ఇగురు పెడతాను అంటోంది. నేను మాత్రం వస్తావని అనుకోవడానికి భయపడుతున్నాను. వెనక కాగితం చదివాక నీ ఇష్టం.

చెల్లెమ్మకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
ఆలస్యంగానైనా నీ స్విచ్చి దగ్గర నిలబడ్డ
జగ్గారావు.

తా.క.: చివరిదాకా చదవమన్నది ఇందుకే. దీన్ని పైన రాయాలని నాలుగుసార్లు కూర్చున్నాను, చెయ్యి రాలేదు. సంతకం పెట్టేశాక ఇక తప్పించుకోడానికి చోటు లేదు.

మంగళవారం ట్యాంకు విప్పాను. డిక్కీలో, పెట్రోలు మీటరు బిగించే గుండ్రటి మూత తీసి, గౌరీశ్వరిని టార్చి పట్టుకోమన్నాను. నీ పెట్రోలు పట్టడానికి సీసా కడిగి పక్కనే పెట్టుకున్నాను. కొక్కెం తీగ లోపలికి పెట్టి జిగురు గీకబోతే దేనికో తగులుకుంది. లాగితే ఒక గుడ్డ కొస బయటికొచ్చింది. కరుడుగట్టి, గోధుమ రంగు పట్టి ఉంది. రెండు వేళ్లతో నలిపితే జిగురు రాలి, లోపల పసుపుపచ్చా, ఆకుపచ్చ ఆకులూ కనిపించాయి.

గౌరీశ్వరి టార్చి దించేసింది. ఇది నా నైలెక్సు సీర ముక్క గదా అంది. మీ నాన్నగారు పోవడానికి నాలుగు రోజుల ముందు ఆదివారం, ట్యాంకు కారుతోందని దించి కడిగి టంకం పెట్టాను. లోపలి తడి ఆరడానికి పాత చీర ముక్క కర్రకి చుట్టి తుడిచాను. రెండింటికి డ్యూటీ, ఆలస్యమైపోతోంది. కొస మణికట్టుకి కట్టుకోలేదు. కర్ర బయటికి వచ్చింది, గుడ్డ వచ్చిందో లేదో చూడలేదు. నా పసుపు సీర ముక్కేదీ అని ఆ రాత్రే గౌరీశ్వరి అడిగింది. ఎక్కడో పడుంటాదిలే, గుడ్డముక్కకి గోలేటి అన్నాను. తనకి గుర్తుంది. నాకూ గుర్తొచ్చింది.

ఇంజను పెట్రోలు లాగినప్పుడల్లా ఆ గుడ్డ పోయి పైపు మూతిని మూసేస్తుంది, బండి ఆగుతుంది. కాసేపు ఆగితే గుడ్డ విడిపోతుంది, బండి స్టార్టవుతుంది. ఆగడం, నడవడం, మళ్లీ ఆగడం. కల్తీ పెట్రోలు అలా చెయ్యదని మెకానిక్కునైన నాకు ఆ రోజే తట్టాలి. తట్టలేదు, ఎందుకంటే తప్పు నీదని ముందే అనేసుకున్నాను. నీ డబ్బా పెట్రోలు మంచిదో కాదో ఇప్పుడెవరూ చెప్పలేరు, అన్నేళ్లకి ఏ పెట్రోలైనా జిగురే. కాని ఆ రోజు గున్నమ్మను ఆపింది అది కాదు. నీ చేతుల్లోంచి మీ నాన్నగారి తలకొరివి తప్పించింది నా గుడ్డ. నా చేత్తో పెట్టి, నేను మర్చిపోయిన గుడ్డ. నువ్వు చేతులారా పోసుకున్నది ఏమీ లేదు బావా. చేసిందంతా నేను. నిన్ను క్షమించడానికి నేనెవణ్ని? నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు.

గుడ్డ కొస చూసి గౌరీశ్వరి నన్ను ఒక్క మాట అనలేదు. గుమ్మంలో కూర్చుని, అన్నయ్య పాపం, అన్నయ్య పాపం అని అదే మాట అంటూ ఉండిపోయింది. నీ పెట్రోలు పట్టడానికి తెచ్చిన సీసా ఖాళీగానే మిగిలింది. ఇవాళ బోనెట్టుకి వేలాడదీసింది అదే.

గుడ్డ పూర్తిగా బయటికి తీయలేదు. కొస మాత్రం పైకి లాగి ట్యాంకు అంచుకి కట్టి ఉంచాను, నువ్వు నీ కళ్లతో చూడాలని. నువ్వు వచ్చి నీ ముడి విప్పు, నీ ఎదుట నేను దాన్ని లాగుతాను. తర్వాత నన్ను ఎంత తిట్టినా పడతాను. కొట్టినా సరే.

నాన్నగారి ఆబ్దికం ఫిబ్రవరి ఆరున అని తెలిసింది. నీ పద్ధతిలోనే రెండు రోజుల ముందు, నాలుగో తారీకున వెళదాం. ఆ గుడ్డ పట్టుకుని నేనూ వస్తాను. అదే వాకిట్లో, మీ తమ్ముడి ఎదుట, ఆ రోజున్న వాళ్లలో ఇంకా మిగిలున్న వాళ్లందరి ఎదుట నేనే చెబుతాను. చెప్పాక ఈ ఏడు పీట మీద నువ్వు కూర్చో. వెనకాల చేతులు కట్టుకుని నిలబడేది నేను.

గున్నమ్మ అంత దూరం ఇంకా రాలేదు. వచ్చినా ఎక్కించను. కూర్మన్నపాలెంలో పాలకొల్లు వైపు రోడ్డు మీద నిలబడదాం. వచ్చిన మొదటి బస్సుకి నేనే చెయ్యెత్తుతాను.